రొయ్యల గ్రేడర్‌కి విదేశీ పేటెంట్: 'వరల్డ్ పేటెంట్'కి మూడు లక్షలు కట్టే ముందు

ప్రశ్న చదవని వాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. అడిగినాయనది గాజువాక ఆటోనగర్‌లో సొంత ఫ్యాబ్రికేషన్ షెడ్డు, ప్రొప్రయిటర్‌షిప్. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్యల్ని సైజులవారీగా వేరుచేసే రోలర్ గ్రేడర్‌కి, లైన్ ఆపకుండానే రోలర్ల మధ్య సందు మార్చే ఏర్పాటు చేశారు. ఏడు నెలల క్రితం ఇండియాలో ప్రొవిజనల్ అప్లికేషన్ (తేదీ దక్కించుకోవడానికి ముందుగా వేసే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) వేశారు. నాలుగు నెలల క్రితం యూట్యూబ్‌లో వీడియో పెట్టారు. వియత్నాం నుంచి, ఈక్వడార్ నుంచి ఎంక్వయిరీలు వచ్చాయి. ఒక కన్సల్టెంట్ మూడు లక్షలిస్తే 'వరల్డ్ పేటెంట్' తీయిస్తానంటున్నాడట. ఇవ్వాలా వద్దా?

ఇవ్వకండి. వరల్డ్ పేటెంట్ అనేది ఎక్కడా లేదు. పేటెంట్ ఏ దేశానికి ఆ దేశమే ఇస్తుంది, ఆ దేశం సరిహద్దు దాటితే అది చెల్లదు. ఆ కన్సల్టెంట్ చెప్పేది బహుశా పీసీటీ (పేటెంట్ కోఆపరేషన్ ట్రీటీ) అప్లికేషన్ గురించి. అది 150కి పైగా దేశాలు చేరిన ఒప్పందం. జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, అంటే అందరూ వైపో అనేది, దాన్ని నడుపుతుంది. 1998 డిసెంబరులో మనం కూడా చేరాం. పీసీటీలో ఒక అప్లికేషన్ వేస్తే ఆ దేశాలన్నింటిలో మీ తేదీ నిలబడుతుంది, అంతే. పేటెంట్ చేతికి రాదు. స్థలానికి బయానా ఇచ్చినట్టు. రిజిస్ట్రేషన్ డబ్బు తర్వాత ఒక్కో దేశానికీ విడివిడిగా కట్టుకోవాల్సిందే. 'వరల్డ్' అనే మాట వాడి డబ్బడిగే మనిషి రెండున్నరేళ్ల తర్వాత వచ్చే అసలు బిల్లు గురించి మీకు చెప్పలేదంటే, అక్కడే ఆగిపోవడం మంచిది.

నేను పేటెంట్ ఏజెంటుగా ఎక్కువగా చిన్న యూనిట్లతోనే పనిచేస్తాను. మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది మూడు లక్షలు కాదు, ఆ వీడియో. అందుకే ముందు దాని సంగతి.

మీరిచ్చిన లింకు తెరిచి చూశాను. 21/25 కౌంట్ (పౌనుకి 21 నుంచి 25 రొయ్యలు తూగే సైజు) లాట్ నడుస్తుండగా సైడ్ కవర్ తీసి, హ్యాండ్‌వీల్ తిప్పి, 26/30కి మార్చి చూపించారు. హ్యాండ్‌వీల్ తిరుగుతుంటే పొడుగాటి వెడ్జ్ ప్లేటు (ఏటవాలు పలక) ముందుకు జరగడం, దాంతో బేరింగ్ బ్లాకులన్నీ ఒకేసారి విడిపోవడం స్పష్టంగా కనబడుతోంది. మెకానిక్ ఎవడైనా రెండుసార్లు చూస్తే చేసేస్తాడు. ఇక మీ ప్రొవిజనల్‌లో ఏముందో మీరే రాశారు: 'ప్రతి రోలర్‌కీ ఇరువైపులా ఉన్న స్క్రూల ద్వారా సందు మార్చవచ్చు'. అంటే వెడ్జ్ ప్లేటు ఆలోచన ప్రొవిజనల్ వేశాక వచ్చింది. అది కాగితం మీద ఇంకా ఎక్కడా లేదు, కానీ యూట్యూబ్‌లో ఉంది.

చాలామంది ప్రొవిజనల్ నంబరు వచ్చిందంటే ఇక మెషీన్ మొత్తానికి రక్ష ఉందనుకుంటారు. ప్రొవిజనల్ తేదీ దానిలో రాసిన విషయానికే వర్తిస్తుంది. రాయని వెడ్జ్ ప్లేటుకి తేదీ మీరు దాన్ని రాసి వేసిన రోజు నుంచే. పేటెంట్‌కి వేసే నాటికి విషయం లోకానికి కొత్తదై ఉండాలి. ఆ రోజుకి మీ వీడియో అప్పటికే బయట ఉంది కాబట్టి, యూరప్‌లో మీ వీడియోనే మీ మీద సాక్ష్యంగా పెడతారు. సొంత వీడియో అయినా సరే. చైనాలో కూడా ఇంచుమించు అంతే, అక్కడి ఆరు నెలల మినహాయింపు చాలా ఇరుకు. మన దేశంలో ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లలో చూపించడం వంటి కొన్ని సందర్భాలకే 12 నెలల వెసులుబాటు ఉంది, యూట్యూబ్ వాటిలోకి రాదు. అమెరికాలో మాత్రం ఆవిష్కర్త తానే బయటపెట్టిన నాటి నుంచి ఏడాదిలోగా వేసుకోవచ్చు. ఈక్వడార్ ఉన్న ఆండియన్ దేశాల ఉమ్మడి చట్టంలోనూ ఏడాది ఉంది. వియత్నాంలో కూడా ఇలాంటి వెసులుబాటు ఉంది గానీ, దాన్ని ఎలా లెక్కిస్తారో అక్కడి ఏజెంటుతో రాయించి తీసుకోండి.

కాబట్టి వీడియో ఇవాళే ప్రైవేట్ చేయండి. తీసేసినంత మాత్రాన జరిగింది చెరిగిపోదు, కానీ ఇంకా పెరగకుండా ఆగుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న క్లిప్పుల సంగతి ఎలాగూ మన చేతిలో లేదు.

ఇంకో మంచి మాట కూడా ఉంది. వీడియోలో కనబడనిది ఇంకా మీదే. వెడ్జ్ కోణం ఎంత పెట్టారు, బ్యాక్‌లాష్ (వదులు) రాకుండా వెనక స్ప్రింగ్ ఎలా బిగించారు, ఉప్పునీళ్లు, ఐసు ముక్కలు గైడ్‌లోకి పోకుండా సీల్ ఎలా చేశారు, సందు జరిగాక వైబ్రేషన్‌కి కదలకుండా ఏది లాక్ చేస్తోంది. కవర్ తీసి చూపించినా ఇవి కెమెరాకి చిక్కలేదు. నిజానికి ప్లాంటులో రోజంతా తడిలో నడిచే మెషీన్‌కి అసలు ప్రాణం అక్కడే ఉంటుంది. వెడ్జ్‌తో సందు మార్చడం ఎవరైనా కాపీ కొడతారు, మూడు నెలలకి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. మీది ఎందుకు బిగుసుకుపోవడం లేదో అది రాయండి. బొమ్మలతో, కొలతలతో, ప్రత్యామ్నాయాలతో సహా రాసి ఈ వారంలోనే రెండో ప్రొవిజనల్ వేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉన్న యూనిట్‌కైనా, వ్యక్తికైనా ఆన్‌లైన్‌లో ఫైలింగ్ ఫీజు 1,600 రూపాయలే. పెద్ద కంపెనీకైతే 8,000. 1,600కి వెనకాడే చోటు ఇది కాదు.

తర్వాత, మొదటి ప్రొవిజనల్‌కి 12 నెలలు నిండేలోపు, అంటే మీకింకా ఐదు నెలలుంది, రెండింటినీ కలిపి ఇండియాలో కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరాల పత్రం), దాంతోపాటే విదేశాలకు వేయదలచుకున్నది వేసేయాలి. ఈ 12 నెలలు చట్టంలోనే ఉన్న గడువు, ఏజెంటు బతిమాలితే పెరిగేది కాదు. పదకొండో నెల చివర్లో ఏజెంటు దగ్గరికి పరిగెత్తేవాళ్లు ఎక్కువ. ఆ కంగారులో రాసిన క్లెయిములు, అంటే ఏది మీ సొత్తో హద్దు గీసే వాక్యాలు, చదివితే జాలేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏ దేశం? మీరు వియత్నాం, ఈక్వడార్ అన్నారు, ఎంక్వయిరీలు అక్కడి నుంచి వచ్చాయి కాబట్టి. నేనైతే ఇంకోలా అడుగుతాను: మీ మెషీన్‌ని నకలు కొట్టేవాడు ఎక్కడ కూర్చుని కొడతాడు? రొయ్యల మెషినరీ చేసే షెడ్లు భీమవరం వైపు ఉన్నాయి, కోయంబత్తూరులో ఉన్నాయి. మీ మెషీన్ హిట్టయితే మొదటి నకలు అక్కడి నుంచే వస్తుంది. అక్కడ తయారు చేసి ఈక్వడార్‌కి ఎగుమతి చేసినా, తయారు చేయడమే ఇండియా పేటెంట్ ఉల్లంఘన. అంటే ఈక్వడార్‌లో పేటెంట్ లేకపోయినా ఆ నకలుని మీరు ఇక్కడే ఆపొచ్చు. మరి ఆ ఇండియా పేటెంట్‌నే చాలామంది 'అదెలాగూ వస్తుందిలే' అని గాలికొదిలేస్తారు. ఎగ్జామినేషన్ రిక్వెస్ట్ వేయరు, వేసినా వచ్చిన రిపోర్టుకి సరైన జవాబివ్వరు. ఇక్కడి పేటెంట్ గట్టిగా లేకుండా బయటి దేశాల్లో లక్షలు పోయడం నాకైతే నచ్చదు. మీలాంటి చిన్న యూనిట్లకు త్వరిత పరీక్ష సదుపాయం ఉంది, మెషీన్‌లో మార్పులు అయిపోయాక వాడుకోండి. దానితోపాటు పబ్లికేషన్ త్వరగా చేయించే ఫారం కూడా వేయాలి, అందుకే దాని జోలికి ఇప్పుడే పోకండి. మెషీన్‌లో ఇంకా మార్పులు చేస్తున్నారు కదా, మీ పాత అప్లికేషన్ ముందే అచ్చయితే రేపటి మార్పులకు అదే అడ్డు తగులుతుంది.

బయటి దేశాల్లో నకలు తయారయ్యేది ఎక్కువగా చైనాలో. తర్వాత కొనేవాళ్లు ఎక్కువున్న చోటు చూడాలి. ప్రపంచంలో రొయ్యలు అందరికన్నా ఎక్కువ ఎగుమతి చేస్తున్నది ఈక్వడార్. అక్కడి ప్లాంట్లు పెద్దవి, ఆర్డరొస్తే పెద్దదే వస్తుంది. వియత్నాంలో ప్లాంట్లూ ఉన్నాయి, సొంతంగా మెషీన్లు చేసుకునే చేతులూ ఉన్నాయి. ఈ మూడింట్లో ఒకటో రెండో. మన రొయ్యలు ఎక్కువగా అమెరికా వెళ్తాయి కాబట్టి అమెరికా పేటెంట్ కావాలి అని మొన్నెవరో రాశారు. రొయ్యలు కదా వెళ్లేది, గ్రేడర్ కాదు. మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నప్పుడు మెషీన్ ఎక్కడ చేస్తారు, ఎక్కడ నడుపుతారు అన్నదే లెక్క.

ఇంకో చేదు నిజం చెప్పాలి. పేటెంట్ మిమ్మల్ని కోర్టుకి వెళ్లనిస్తుంది, మీ బదులు తాను వెళ్లదు. ఈక్వడార్‌లోని గ్వాయాకిల్‌లో ఎవడో నకలు పెట్టాడని ఆటోనగర్ షెడ్డు నుంచి స్పానిష్ లాయరుని పెట్టి కేసు నడిపే స్తోమత ఎంతమందికి ఉంటుంది? అందుకే విదేశీ పేటెంట్ చిన్నవాడికి ఎక్కువగా పనికొచ్చేది బేరంలో. అక్కడ ఒక డిస్ట్రిబ్యూటర్ దొరికి, 'ఈ దేశంలో ఇది నేను తప్ప ఇంకెవరూ అమ్మరు' అన్న ధైర్యం కోసం డబ్బు పెట్టడానికి సిద్ధపడితే ఆ పేటెంట్‌కి విలువ. అలాంటి మనిషి లేని దేశంలో అది గోడకి కట్టిన ఫ్రేము. వీలైతే ఆ దేశం ఖర్చులో కొంత డిస్ట్రిబ్యూటర్ చేతే పెట్టించండి, అప్లికేషన్ మాత్రం మీ పేరు మీదే ఉండాలి.

ఆ డిస్ట్రిబ్యూటర్ ఇంకా దొరకలేదు కాబట్టే మీకు పీసీటీ పనికొస్తుంది. 12వ నెలలో నేరుగా దేశాలకు వేస్తే ఆ రోజే ఏ దేశమో తేల్చుకుని డబ్బు కట్టాలి. పీసీటీ వేస్తే ఆ నిర్ణయం మొదటి తేదీ నుంచి 30 నెలల దాకా, కొన్ని దేశాల్లో 31 దాకా వాయిదా పడుతుంది. ఆ ఏడాదిన్నరలో రెండు మెషీన్లు అమ్మారా, ఎవరైనా ఏజెన్సీ అడిగారా అన్నది తేలిపోతుంది. ఒక్క దేశమే, అదీ ఖాయం అనుకుంటే పీసీటీ దండగ, నేరుగా వేసేయండి. తైవాన్ లాంటివి పీసీటీలో లేవు, అక్కడ కావాలంటే 12 నెలల్లో నేరుగా వేయడమే దారి.

ఖర్చు దగ్గర మీకొక లాభం ఉంది, దాన్ని కన్సల్టెంట్ చెప్పలేదంటే ఆశ్చర్యమే. పీసీటీ అంతర్జాతీయ ఫీజు 30 పేజీల దాకా 1,330 స్విస్ ఫ్రాంకులు, ఆన్‌లైన్‌లో వేస్తే కొంత తగ్గుతుంది. రూపాయల్లో లక్ష దాటుతుంది. కానీ మన దేశపు పౌరుడై, ఇక్కడే ఉంటూ, కంపెనీ పేరు మీద కాకుండా వ్యక్తిగా వేస్తే దీంట్లో 90 శాతం రాయితీ. ప్రొప్రయిటర్‌షిప్‌కి చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు, అప్లికెంట్ మీరే. సెర్చ్‌కి మన పేటెంట్ ఆఫీసునే ఎంచుకుంటే వ్యక్తులకు 2,500, కంపెనీలకు 10,000. యూరోపియన్ ఆఫీసు చేత సెర్చ్ చేయిస్తే పూర్తి ఫీజు లక్షన్నర పైమాటే, కానీ వ్యక్తిగా వేసే మీకు అందులోనూ 75 శాతం రాయితీ ఉంది. ఫీజులు మారుతుంటాయి, వేసే రోజు పట్టిక చూసుకోండి. మొత్తం మీద ప్రభుత్వ ఫీజు మీకు వేలల్లోనే పోతుంది, ఆపైన ఏజెంటు ఫీజు.

'ప్రైవేట్ లిమిటెడ్ చేసే ఆలోచన ఉంది' అని కూడా రాశారు. జాగ్రత్త. పేటెంట్‌ని ఆ కంపెనీకి బదిలీ చేస్తానని ముందే ఒప్పందం రాసుకుని, రాయితీ కోసం సొంత పేరు మీద వేయడం కుదరదు. రాయితీ తీసుకునే వ్యక్తి నిజమైన యజమాని అయి ఉండాలి, వేరేవాళ్లకు అప్పగించే బాధ్యత అప్పటికి ఉండకూడదని నియమం స్పష్టంగా ఉంది. కంపెనీ సంగతి నిజంగా తర్వాతే తేలుతుందంటే ఇబ్బంది లేదు.

పీసీటీ వేశాక వచ్చే సెర్చ్ రిపోర్టుని మాత్రం కూర్చుని చదవండి. అది ఏజెంటు ఫైల్లో పడేసే కాగితం కాదు. మీ ప్రతి క్లెయిముకీ ఎదురుగా పాత పేటెంట్లు పెట్టి, పక్కన ఒక అక్షరం వేస్తారు. ఎక్స్ అంటే ఆ ఒక్క పాత పత్రమే మీ క్లెయిముని పడగొడుతుందని. వై అంటే ఇంకోదానితో కలిపితే పడగొడుతుందని. ఏ అంటే సంబంధం ఉంది గానీ ప్రమాదం లేదని. ముఖ్యమైన క్లెయిముల పక్కన ఎక్స్‌లు వరసగా ఉన్నాయంటే, క్లెయిములు మార్చి నిలబడగలమా లేదా అన్నది అప్పుడే తేల్చుకోవాలి, దేశాలకి డబ్బు కట్టాక కాదు. ఈలోగా మీరే కొంత వెతకొచ్చు. వైపో వాళ్ల పేటెంట్‌స్కోప్, యూరోపియన్ ఆఫీసు వాళ్ల ఎస్పాస్‌నెట్ రెండూ ఉచితం. ఎ22సి 29 (A22C 29) అన్న వర్గీకరణ నంబరు కొడితే రొయ్యలు, పీతలు, ఆల్చిప్పల ప్రాసెసింగ్ మెషీన్లన్నీ వస్తాయి. ఒక ఆదివారం పోతుంది, పోనివ్వండి. ఇదే వెతుకులాటలో, మీరు అమ్మబోయే దేశంలో ఇంకొకరి పేటెంట్ మీ మెషీన్‌కి తగులుతుందేమో కూడా చూడండి. మీకు పేటెంట్ ఉన్నంత మాత్రాన అక్కడ అమ్ముకునే హక్కు వచ్చినట్టు కాదు.

30వ నెలలో బిల్లు మొదలవుతుంది. ప్రతి దేశంలో అక్కడి ఏజెంటుని పెట్టుకోవాలి. చైనాకి చైనీస్‌లో, ఈక్వడార్‌కి స్పానిష్‌లో, వియత్నాంకి వియత్నామీస్‌లో అనువాదం. అనువాదానికి పదాల లెక్కన తీసుకుంటారు కాబట్టి స్పెసిఫికేషన్‌లో పనికిరాని సోది ఉంటే దానికీ డబ్బే. అమెరికాలో 500 మందిలోపు సిబ్బంది ఉన్న సంస్థకి చాలా ఫీజుల్లో 60 శాతం రాయితీ ఉంది, అయినా అటార్నీ ఫీజుతో కలిపి గ్రాంట్ దాకా, అంటే పేటెంట్ చేతికొచ్చేదాకా, వచ్చేసరికి ఎనిమిది, పది లక్షలు తేలిగ్గా అవుతాయి. యూరప్‌లో గ్రాంట్ రాకముందే మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కట్టాలి. వియత్నాంలో, చైనాలో యుటిలిటీ మోడల్ తరహా చిన్న పేటెంట్లు కూడా ఉన్నాయి. పదేళ్లే ఉంటాయి గానీ, మీలాంటి మెకానిజానికి ఆ దారి చవక. మన దేశంలో ఆ రకం లేదు. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ 2022లో మొదలుపెట్టిన ఎంఎస్ఎంఈ ఇన్నోవేటివ్ పథకంలో విదేశీ పేటెంట్‌కి 5 లక్షల దాకా, దేశీయ పేటెంట్‌కి లక్ష దాకా తిరిగిస్తారు. పేటెంట్ గ్రాంట్ అయ్యాకే, అదీ మీరు పెట్టిన ఖర్చుకే. అందుకని ఆ డబ్బుని ముందే లెక్కలో వేసుకోకండి, బిల్లులు మాత్రం దాచుకోండి.

కింద కామెంట్లలో ఒకాయన 'అమెరికాలో ఉన్న మా బావమరిది పేరు మీద అక్కడే ముందు వేసేస్తే పోలా' అన్నారు. పోదు. మన పేటెంట్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఇక్కడ నివసించేవాళ్లు విదేశాల్లో వేయాలంటే ముందు ఇండియాలో వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా పేటెంట్ ఆఫీసు దగ్గర అనుమతి తీసుకోవాలి. వేరేవాళ్ల చేత వేయించినా అదే తప్పు. ఇక్కడి అప్లికేషన్ వదిలేసినట్టు లెక్క, వచ్చిన పేటెంట్ రద్దవుతుంది, పైగా జైలుశిక్ష దాకా ఉంది. అదీ కాక ఆవిష్కర్త కాని బావమరిదిని ఆవిష్కర్తగా రాస్తే అమెరికాలో ఇంకో గొడవ. అడిగినాయనకి మొదటి ప్రొవిజనల్ వరకు ఈ సమస్య లేదు, ఆరు వారాలు ఎప్పుడో దాటాయి. రెండో ప్రొవిజనల్‌లో కొత్తగా రాసినదానికి మాత్రం అది వేసిన రోజు నుంచి ఆరు వారాలు లెక్క. కానీ వైజాగ్‌లో నేవీకి, షిప్‌యార్డుకి, ఎన్ఎస్‌టీఎల్‌కి (నౌకాదళ పరిశోధన ల్యాబు) పార్టులు చేసే యూనిట్లు చాలా ఉన్నాయి. నీటి అడుగున పనిచేసేది ఏదైనా చేసినవాళ్లు ఈ సెక్షన్‌ని రెండుసార్లు చదవాలి. రక్షణ, అణుశక్తి సంబంధమైతే కేంద్రం ఒప్పుకోనిదే అనుమతి రాదు.

పేటెంట్ గొడవలో పడి బ్రాండు పేరు మర్చిపోకండి. వియత్నాంలో, చైనాలో ట్రేడ్‌మార్క్ ముందు ఎవరు వేస్తే వాళ్లదే. మీ డిస్ట్రిబ్యూటరే మీ పేరు తన పేరు మీద రిజిస్టర్ చేసుకుంటే, రేపు అతన్ని మార్చాలన్నా మార్చలేరు. 2013 నుంచి మనం మాడ్రిడ్ ఒప్పందంలో ఉన్నాం, ఇక్కడి నుంచే ఒకే అప్లికేషన్‌తో ఈ రెండు దేశాలకీ వేయొచ్చు. పేటెంట్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

మొదటి తేదీ నుంచి 18 నెలలకి పీసీటీ అప్లికేషన్ అచ్చవుతుంది, మీ పేరు, అడ్రసు అందరికీ కనబడతాయి. ఆ తర్వాత అంతర్జాతీయ రిజిస్టర్‌లో నమోదుకు రెండు వేల యూరోలు కట్టండి అని, ముద్రలతో సహా అచ్చం ఆఫీసు కాగితంలాంటి ఉత్తరాలు వస్తాయి. వైపోనే తన సైట్లో వీటి నమూనాలు పెట్టి హెచ్చరిస్తుంది. మీ ఏజెంటు ద్వారా రాని ఏ బిల్లూ కట్టకండి.

ఏజెంటు వైజాగ్‌లోనే ఉండాలని లేదు. మనది చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధి, పనంతా ఆన్‌లైన్‌లోనే. కానీ రిజిస్టర్డ్ ఏజెంటేనా అన్నది పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోండి. మెకానికల్ డ్రాయింగ్ చదవగలిగే మనిషైతే ఇంకా మంచిది. ఒకసారి షెడ్డుకి పిలిచి మెషీన్ విప్పి చూపించండి. విప్పి చూడనక్కర్లేదు, ఫొటోలు చాలు అన్న ఏజెంటుని నేనైతే పెట్టుకోను.

వియత్నాం వాళ్లు డ్రాయింగులు అడుగుతున్నారన్నారు కదా. రెండో ప్రొవిజనల్ వేసేదాకా బయటి కొలతలు, మోటారు హార్స్‌పవర్, గంటకి ఎన్ని కిలోలు అన్నవి తప్ప ఏమీ పంపకండి. వేశాక కూడా గోప్యతా ఒప్పందం మీద సంతకం అయ్యాకే లోపలి డ్రాయింగులు. అలాగే ప్రొవిజనల్‌లోని వాక్యాలు ఇక్కడ పెట్టారు, ఆ పోస్టు ఎడిట్ చేసి తీసేయండి. ఇంకేమైనా అడగాలంటే సందు ఎలా మారుతుందో రాయకుండా అడగండి.